క్రియాపదం చివర

డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు, మా డీటీపీ గది.
కింద టీకొట్టు పొగ కీబోర్డు దాకా వస్తుంది.
ప్రతి సోమవారం కమిటీ వాళ్లొచ్చి కూర్చుంటారు
పాత బైబిలుకు వాడుకభాష తొడగడానికి.
నేను వాళ్ల కుట్టుమిషన్ని.
అడిగితే తప్ప మాట్లాడను.

మొదటి పుటని చివరికి వదిలేశారు.
అందరికీ కంఠతా వచ్చిన పుట,
ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.
ఇవాళ ఇక తప్పలేదు:
చీకటి, లోతు, నీళ్లు,
నీళ్ల మీద దేవుని ఆత్మ.
"కదిలెను" అని ఉంది నా ఫైల్లో.
"ఇప్పుడెలా రాద్దాం?" అన్నారు ఫిలేమోను అయ్యగారు.
ఫ్యాను ఒక్కటే తిరిగింది కాసేపు.

రాజు వచ్చెను, రాణి వచ్చెను, వాన వచ్చెను.
తాతల నాటి నుంచీ ఆ "ఎను" గొడుగు కింద
మగా ఆడా రాయీ రప్పా ఒక్కచోటే నిలబడ్డాం.
గొడుగు ముడిచేసరికి
ఎవరెవరో తేల్చాల్సి వచ్చింది.

"కదిలాడు" అన్నారు అయ్యగారు,
తండ్రి, కుమారుడు, ఆ వరసే కదా.
"కదిలారు" అన్నారు బర్నబా మాస్టారు,
తాసీల్దారుకిచ్చే మర్యాద దేవుడికివ్వమా?
సెమినరీ చదివొచ్చిన తబితా
పెన్ను మూత పెడుతూ తీస్తూ అంది:
"హెబ్రీలో అది ఆడమాటండీ.
గాలికీ ఊపిరికీ ఆత్మకీ అదే మాట.
కదిలింది అందాం."

మాస్టారు తన టీకప్పుని వేలితో తోశారు.
"ఇదిగో, ఇదీ కదిలింది. అదీ కదిలిందా?"

తబితా కుర్చీ వెనక్కి జరుపుకుంది.
"ఇప్పుడు నేను కదిలాను.
బయటికెళ్లి ఏమని చెబుతారు సార్?"

నా వేళ్లు మీటల మీదే ఉన్నాయి.
మనసు మాత్రం పెదజాలరిపేటలో,
మా నాయనమ్మ ఎలీసమ్మ దగ్గర.
అక్షరం రాదు, వాక్యం మాత్రం నోటికొచ్చు.
కడపటి పుటలో సముద్రం ఇక ఉండదని చదివితే
"మరేటి తింతారు బావూ అక్కడ?" అని
ప్రార్థన మధ్యలో తట్టెత్తుకుని వెళ్లిపోయిన మనిషి.

హుద్‌హుద్ నాటి ఆదివారం,
రేకులు కాగితాల్లా లేచిపోతుంటే
తలుపుకు వీపు ఆన్చి
పిట్ట పేరు పెట్టుకొచ్చిన ఆ గాలితో పోట్లాడింది:
"నీకు పిల్లల్లేరేటే? ఎల్లిపోవే తల్లీ!"
మధ్యాహ్నం ఒక్కసారిగా అంతా ఆగింది.
తుఫాను కన్ను అంటారట.
ఆ కన్ను కింద గొంతు తగ్గించి నాతో అంది:
"సూసినావేటి? మొదట్ల నీల్ల మీద తిరిగినాది ఇదే.
అప్పుడు లోకాన్ని కన్నాది,
ఇప్పుడు మన కప్పు పీకినాది."
తర్వాత మోకాళ్లూని "తండ్రీ" అని పిలిచింది.
రెండూ ఒకే నోట్లో ఎలా పట్టాయో నేనడగలేదు.
అడిగుంటే
తట్ట దించమనేది.

ఇదంతా కమిటీకి చెప్పలేదు.
మిషను ఎక్కడైనా సాక్ష్యం చెబుతుందా?

రెండో విడత టీ తర్వాత దారి దొరికింది:
క్రియ తీసేద్దాం.
"నీళ్ల మీద దేవుని ఆత్మ కదలిక."
ఆడా లేదు, మగా లేదు, మర్యాదా లేదు.
అయ్యగారు తల ఊపారు.
తబితా కిటికీ వైపు తిరిగింది,
అక్కణ్ణించి సముద్రం కనబడదు,
కొత్త అపార్ట్‌మెంటు అడ్డం.

మెట్లు దిగుతూ మాస్టారు మెచ్చుకున్నారు:
"అమ్మాయి ఒక్క తప్పు లేకుండా కొట్టింది."

బల్ల మీద ఆయన కప్పు, అంచున ఈగ.
తీసి కడిగాను.
ఫైలు సేవ్ అయింది.